మోచేతి మలుపు

కాలిన క్లచ్ వాసన.

ముందు ముక్కుకి తెలుస్తుంది. తర్వాత కాళ్ళకి తెలుస్తుంది. మోకాళ్ళ కింద సన్నగా ఒక వణుకు...

ఎన్నో ఏళ్ళ కిందట, కొండ మీద, మోచేతి మలుపులో ఆమెకి తెలిసింది.

మోచెయ్యి మడిచినట్టు ఉండేది ఆ మలుపు. ఒక పక్క రాయి. ఒక పక్క లోయ. ఎదుటి బండి కనిపించదు. అందుకే ముందు హారన్ కొట్టాలి, ఆగి వినాలి, జవాబు రాకపోతేనే కదలాలి. అది ఆ దారి పద్ధతి.

ఆ రోజు ఆమె కొట్టడం మర్చిపోయింది.

బస్సు వచ్చి ముక్కుకి ముక్కు ఆనించినట్టు నిలబడింది. ఎత్తు మీద కారు ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే వెనక్కి. మళ్ళీ చేస్తే ఇంకా వెనక్కి. బస్సు కిటికీల్లోంచి తలలు... ఒకటే నవ్వులు.

"దిగు. ఇది నీ వల్ల అయ్యే పని కాదు," అన్నాడు పక్క సీట్లోంచి భర్త.

దిగింది.

ఆ దిగడం దిగడం — మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు.

అక్కడితో అయిపోతే బాగుండును! ఆయన లెక్కల మాస్టారు. లెక్క తప్పితే పిల్లల్ని వదిలేవాడు కాదు. నలుగురిలో చెప్పే ఈ కథలో మాత్రం లెక్క ఏటేటా పెరిగేది. ఒక బస్సు రెండు బస్సులైంది. వెనక లారీ చేరింది. కిందటేడు మనవరాలి పుట్టినరోజుకి పెళ్ళివారి వ్యాను కూడా వచ్చి ఆగింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ప్లేట్లు తీసింది.

వంటింట్లోకి వెళ్ళాక ఒళ్ళు మండింది.

చాలు, అనుకుంది.

ఆమెది కుట్టుపని. బట్టల దుకాణం వెనకగదిలో మిషన్ తొక్కీ తొక్కీ పాదానికే ఒక తెలివి వచ్చింది. ఎంత నొక్కితే సూది పరిగెడుతుందో, ఎంత వదిలితే నిదానిస్తుందో... ఆ పాదానికి క్లచ్ ఒక లెక్కా! డ్రైవింగ్ స్కూల్లో చేరింది. పొద్దున్నే, దుకాణం తెరవక ముందే, దాని కింద బండ్లు పెట్టే సెల్లార్ వాలు మీద కారు ఆపేది. కదిలించేది. ఆపేది. కదిలించేది. అదే పాత కారు. ఆయన పిన్ని వాడి ఇచ్చింది కనక ఇంట్లో దాని పేరూ పిన్నే.

ఇవాళ పిన్ని కొండెక్కుతోంది.

స్టీరింగ్ ఆమె చేతిలో. కళ్ళ ఆపరేషన్ అయిన ఆయన పక్క సీట్లో, బెల్టుని రెండు చేతులా పట్టుకుని.

కొండ మారిపోయింది. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు, మధ్యలో పూలమొక్కలు. రాయిని కోసేశారు. లోయకి గోడ కట్టేశారు. అప్పట్లో టీ తాగిన చోట టోల్ గేటు. దారంతా ఇస్త్రీ చేసినట్టు... ఒక్క ముడత లేదు.

ఎదురుగా సొరంగం.

"ఇంకేం! కళ్ళు మూసి తెరిచేలోగా అవతల ఉంటాం," అన్నాడాయన హాయిగా.

ఆమె మలుపు ఆ సొరంగం పైన ఎక్కడో ఉంది. ఎవరికీ అక్కర్లేకుండా.

అయ్యో, ఇంత నేర్చుకున్నది దీనికా?

కారు పక్కకి తీసి సొరంగం ముందున్న కాపలా మనిషిని అడిగింది.

"పాత రోడ్డా? ఉందమ్మా. ఎవరూ పోరు. అంతా గడ్డి."

"బండి పడుతుందా?"

"పడుతుంది. అటేం పని మీకు?"

"ఉంది బాబూ, ఒక పని."

"మతి పోయిందా నీకు?" అన్నాడు భర్త. "శుభ్రమైన రోడ్డు పెట్టుకుని..."

"భయమైతే దిగండి. అవతల కలుస్తాను."

ఆయన దిగలేదు.

పాత దారి. తారు పగుళ్ళలో గడ్డి. అదే రాయి... అదే లోయ... కింద ఎక్కడో కొత్త దారి మీద బండ్లు, చప్పుడు లేకుండా.

మోచేతి మలుపు.

హారన్ కొట్టింది. పొడుగ్గా. జవాబు రాదని తెలుసు. అయినా ఆగి విన్నది.

సరిగ్గా మలుపు నడుమ, ఎత్తు మీద — కారు ఆపింది. ఇంజన్ కూడా ఆపేసింది.

"ఎందుకాపావే?"

అడిగాడు గాని ఆయనకి తెలుసు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

తాళం తిప్పింది. హ్యాండ్ బ్రేక్ దించింది. పిన్ని జానెడు వెనక్కి జారింది. ఆమె బ్రేకు తొక్కేలోగా ఆయన చెయ్యి గబుక్కున హ్యాండ్ బ్రేక్ మీదికి వచ్చింది.

"చెయ్యి తియ్యండి."

కోపం లేదు ఆ గొంతులో. బతిమాలడమూ లేదు.

ఆయన తీశాడు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక్క బస్సే," అన్నాడు. "అప్పుడు... వచ్చింది ఒక్క బస్సే."

"ఇక మీద అలాగే చెప్పండి."

పాదం కదిలింది. మిషన్ మీద కదిలినట్టే — కొంచెం వదిలి, కొంచెం ఆపి. కారు వెనక్కి పోలేదు. ముందుకీ పోలేదు. ఎత్తుని పట్టుకుని ఊగింది. మోకాళ్ళ కింద అదే వణుకు...

వణకనీ.

ఇంకొంచెం వదిలింది.

కాలిన క్లచ్ వాసన...

వస్తే రానీ. దిగేది లేదు.