ఆదెప్ప కుట్టిన ఫ్లాపీ

ఆ స్టేషను పుంగనూరుకు దగ్గరలోనే ఉంది. పేరెందుకులెండి. అక్కడ హెడ్ కానిస్టేబుల్ ఆదెప్ప ఇరవై రెండేళ్లుగా రైటరు. ఫిర్యాదు రాసేదీ, ఫైలు కట్టేదీ ఆయనే. ఎస్సైలు వస్తుంటారు, పోతుంటారు. ఆదెప్ప మాత్రం అదే కుర్చీలో, అదే ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తూ ఉంటాడు. ఆయన ఫైల్లోంచి ఇంతవరకు ఒక్క కాగితం జారిపోలేదు. చీటీ అయినా, ఫొటో అయినా దబ్బనంతో పొడిచి, పచ్చ ట్యాగు దూర్చి, మూడు ముళ్లు వేస్తాడు. అది ఆయన గర్వం.

రెండు వేల రెండు నవంబరులో హేమలత ఆ స్టేషను మెట్లెక్కింది. ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు నేర్పే పిల్ల. తల్లి అంజమ్మ నిమ్మనపల్లె టమోటా తోటల్లో కూలి చేసి చదివించింది. ఆ ఇంట్లో నెలజీతం మొహం చూసింది హేమలతే. ఎవరో ఆమె పేరుతో మెయిల్ తెరిచి, కాలేజీ యజమానికీ ఆయన స్నేహితులకూ నోటితో చెప్పలేని బూతులు రాసి పంపారు. కింద ఆమె పేరుంది కదా అని యజమాని ఆ సాయంత్రమే ఉద్యోగం పీకేశాడు. ఊరికి ఇంకేం కావాలి? నవ్వుకోవడానికి ఒక ఆడపిల్ల దొరికింది.

ఎస్సై జయచంద్ర ఫిర్యాదు చదివి పక్కన పెట్టాడు. “ఇది కంప్యూటర్ల కొత్త చట్టం కేసమ్మా. డీఎస్పీకి తగ్గినోడు దర్యాప్తు చేయకూడదంట. మేము రాసుకోని మదనపల్లెకు పంపుతాం, అంతే.”

కోళ్లదొంగను పట్టడానికి ఆదెప్ప చాలు. ఉత్తరాల దొంగను పట్టాలంటే మాత్రం డీఎస్పీయే దిగి రావాలట. ఆయన ఒక్కడు. జాతరల బందోబస్తులు, మంత్రుల పర్యటనలు, ఎన్నికలు అన్నీ ఆయన నెత్తినే. ఢిల్లీలో కూర్చుని ఆ చట్టం రాసిన మహానుభావులు మా వైపు ఒక్కసారి బస్సెక్కి వచ్చి ఉంటే ఈ మాట రాసేవాళ్లు కాదు.

హేమలత ఊరుకోలేదు. ఆ మెయిల్ కుప్పం బస్టాండు పక్కనున్న నెట్ సెంటరు నుంచి వచ్చిందని తనే కనిపెట్టింది. తనే పోయి, ఆ సెంటరు యజమానిని బతిమాలి, ఆ రోజు ఏ కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నారో ఆ లెక్కంతా అరచేయంత ప్లాస్టిక్ బిళ్లలో, ఒక ఫ్లాపీలో ఎక్కించుకుని వచ్చింది. అందులో శేఖర్ పేరుంది. శాంతిపురం వాడు. ఆమెతో పాటు పనిచేసి, ఆమె పెళ్లికి ఒప్పుకోలేదని పళ్లు నూరినవాడు.

“ఇది జాగ్రత్త సార్. నాకుండేది ఇదొకటే” అని ఆదెప్ప చేతికిచ్చింది.

ఆదెప్పకు ఆ పిల్లంటే జాలి. తన కూతురు మునీశ్వరికి చదువు చెప్పిన పిల్ల. ఈ కేసు ఎవడూ మాయం చేయకుండా చూడాలనుకున్నాడు. ఫ్లాపీ గట్టిగా ఉంది, దబ్బనం దిగలేదు. లక్క కరిగించే కొవ్వొత్తి మీద దబ్బనాన్ని ఎర్రగా కాల్చాడు.

హేమలత బెంచీ మీంచి లేచింది. “సార్, అది…”

“కూర్చో తల్లీ. మా పని మాకు తెలుసు. నా ఫైల్లో ఇంతవరకూ ఒక్క కాయితం పోలేదు.”

ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. మిగతా ఫైళ్లకు మూడు ముళ్లు వేసేవాడు, దీనికి ఐదు వేశాడు.

ఏడు నెలల తర్వాత మదనపల్లె నుంచి కాగితం వచ్చింది. ఫ్లాపీకి బెజ్జాలున్నాయి, అందులో ఏముందో చదవడానికి వీల్లేదు, ఆ బెజ్జాలు ఎప్పుడు పడ్డాయో వివరణ పంపాలి అని. ఆదెప్ప దాన్ని రెండుసార్లు చదివాడు.

“ఆ పిల్ల ఇచ్చేటప్పుడే ఉండాయని రాసెయ్యి” అన్నాడు జయచంద్ర. “రెండేండ్లలో రిటైరయితాండావు. పింఛను ఉండల్లా వద్దా?”

ఆ మధ్యాహ్నమే హేమలత వచ్చింది. ప్రతి సోమవారమూ వచ్చేది. ఆదెప్ప దాచలేకపోయాడు. తల వంచుకునే సంగతి చెప్పాడు.

“నాకు తెలుసు సార్” అంది ఆ పిల్ల. “ఆ పొద్దు నా ఎదురుగానే కదా పొడిచినారు. నేను మాట పూర్తి చేసేలోగా దిగిపొయ్యింది. మర్నాడే మళ్లా కుప్పం పోయినాను. ఆ కంప్యూటర్లో లెక్కంతా అప్పటికే తుడిచేసినారు.”

“మరి యాల చెప్పలేదమ్మా?”

“ఈడ నన్ను మనిషిగా సూసింది మీరొక్కరే. మిమ్మల్ని యాడ నొప్పిస్తానో అనుకున్న్యా. రాకుండా నిలిచిపోతే, ఆ మెయిలు నేనే రాసినానంటుంది ఊరు. అందుకే వస్తాండాను.” చివరికి ఒకటి అడిగింది. “కేసు పోతే పోనీ సార్. బొక్కలు స్టేషన్లోనే పడినాయని ఒక్క మాట రాయండి. నేను అబద్ధాలకోరును కాదని ఎవురైనా రాసినట్టు ఉంటాది.”

“రాస్తాను తల్లీ” అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఆమె చేతులు జోడించి వెళ్లిపోయింది. ఆదెప్ప కాగితం ముందు పెట్టుకున్నాడు. జయచంద్ర తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించాడు. ఆదెప్ప పెన్ను ఎత్తాడు. “ఫిర్యాది అప్పగించిన నాటికే సదరు ఫ్లాపీకి రెండు బెజ్జములు కలవు.” ఒక్క కొట్టివేత లేదు. సిగ్గుతో చెవులు మండుతున్నా అక్షరం మాత్రం వంకర పోలేదు.

నెల తిరక్కుండా కేసు మూసేశారు. ఆ నోటీసు ఫిర్యాదికి ఇచ్చి సంతకం తీసుకోవాల్సింది కూడా ఆదెప్పే. హేమలత గుమ్మంలో నిలబడే చదివింది. కింద ఆయన వివరణ నకలు కూడా జతచేసి ఉంది. దాన్ని ఇంకా నిదానంగా చదివింది. సంతకం పెట్టి పెన్ను తిరిగి ఇచ్చింది.

“మీ అక్షరాలు శానా బాగుంటాయి సార్” అంది.