అందరూ తొడుక్కున్న కోటు

ముందుగా ఒక మాట. ఈ రాతలో ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారిపోయి ఉంటాయి, మన్నించాలి. తల నెరిశాక అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఒక వాక్యం ముగిసేలోపు పొయ్యి మీద పాలు పొంగుతాయి, అవి దించి వచ్చేసరికి వాక్యం చల్లారిపోతుంది. అందుకని కథ నెమ్మదిగా నడుస్తుంది. తొందరపని ఉన్నవాళ్లు కూడా కాస్త కూర్చోండి.

ఒక వీధి మలుపులో ఒక ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో ఒక కుర్చీ, దాని వెనక బూడిదరంగు తెర, ఎదురుగా మూడు కాళ్ల మీద నిలబడ్డ పాత చెక్క కెమెరా, దాని మీద నల్లగుడ్డ. ముందు గదికి వెనక చీకటి గది. ఆ వెనక, వండుకోవడానికీ పడుకోవడానికీ కలిపి ఒకటే గది. ముందు గదిలో భర్త ఫోటోలు తీసేవాడు. చీకటి గదిలో భార్య వాటిని కడిగేది.

ఆయన్ని వీధంతా ఊపిరి మావయ్య అనేది. కుర్చీలో కూర్చున్న మనిషి కొయ్యలా బిగుసుకుపోతే, ఆయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, కెమెరా పక్కన నిలబడి, "ఊపిరి వదిలేయండి, మళ్లీ దొరుకుతుందిలే," అనేవాడు. కూర్చున్నవాళ్లు నవ్వీ నవ్వకముందే చేతిలోని రబ్బరు బుడ్డి నొక్కి ఫోటో తీసేసేవాడు.

ఆవిడేమో కోటత్త. స్టూడియోలో మేకుకు ఒక నల్లకోటు వేలాడుతూ ఉండేది. చొక్కా చిరిగినవాడికీ, మాసినవాడికీ, అసలు ఫోటో అంటేనే దడ పుట్టినవాడికీ ఆవిడే దాన్ని తొడిగేది. కోటు వీపు నిలువునా కోసేసి ఉండేది. లావుపాటి మనిషి కూర్చుంటే వెనక తలుపుల్లా తెరుచుకునేది, బక్కపలచని మనిషి కూర్చుంటే బట్టల క్లిప్పులతో బిగించేది. ముందు నుంచి చూస్తే మాత్రం అందరికీ కొలిచి కుట్టినట్టే. ఆ వీధిలో ఏ ఇంటి గోడ మీద చూసినా అదే కోటు. మొహాలే వేరు.

నిజానికి అది ఆయన పెళ్లికోటు. పెళ్లి రోజున వేరే ఫోటోగ్రాఫర్ని నమ్మడం ఆయన వల్ల కాలేదు. కెమెరా తనే సర్ది, దానంతట అదే నొక్కుకునే మీట తిప్పి, పెళ్లికూతురి పక్కకి పరుగెత్తాడు. తివాచీ అంచు కాలికి తగిలింది. ఫోటోలో పెళ్లికూతురు తల వంచుకుని చక్కగా ఉంది. పక్కన నల్లటి మసక ఒకటి అడ్డంగా పోతోంది. అందులో స్పష్టంగా పడింది కోటు గుండీ ఒక్కటే. "ఇంకోసారి తీసుకుందాంలే," అన్నాడాయన. ఆ ఇంకోసారి మళ్లీ రాలేదు. వేరేవాళ్ల చేతికి కెమెరా ఇవ్వలేదు, తను కుర్చీలో కూర్చోలేదు. గుర్తింపు కార్డు మీద ఆఫీసువాళ్ల యంత్రం తీసిన బొమ్మ ఒకటి ఉండేది గానీ, అందులో ఆయనా, ఆయన వెనకున్న బీరువా ఒక్కలాగే ఉన్నారు.

అలాంటి మనిషి ఒక వానాకాలంలో పోయాడు.

కోటత్త తన గదిలో మంచానికి ఎదురుగా గోడకు ఒక మేకు కొట్టింది. కొట్టాక గానీ గుర్తు రాలేదు, తగిలించడానికి ఏమీ లేదని. వీధంతటి మొహాలూ ఉన్న ఇంట్లో ఇంటాయన మొహం లేదు.

"మేకు భలే కొట్టావు వదినా," అంది ఆడపడుచు, తడి గొడుగు దానికి తగిలిస్తూ. ఆయన చెల్లెలు ఆవిడ, పక్క వీధిలోనే ఉంటుంది, నోరు కాస్త పెద్దది. "మా అన్నయ్య బతికినన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరికీ మొహాలు పంచిపెట్టాడు. పెళ్లాం దగ్గరికొచ్చేసరికి సరుకు అయిపోయింది."

"నీ గొడుక్కయినా పనికొచ్చిందిగా, కూర్చో," అంది కోటత్త.

ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. ఆయన మొహం ఆవిడ దగ్గర్నుంచి మెల్లగా పోసాగింది. ముందు చెవులు పోయాయి. ఒకరోజు నిద్ర లేచేసరికి గడ్డం లేదు. సరిగ్గా కడగని ఫోటో ఎండకు వెలిసినట్టు, రోజుకింత. కలలోకి వచ్చేవాడు గానీ, వచ్చినప్పుడల్లా నల్లగుడ్డ కిందే ఉండేవాడు. "ఒక్కసారి తల బయటపెట్టండి," అని బతిమాలేది. గుడ్డలోపలి నుంచి "ఊపిరి వదులు" అని వినబడేది. అంతే. గుడ్డ అంచు గాలికి కదిలేది. పట్టుకుని లాగబోతే చేతికి కోటు చెయ్యి తగిలేది, ఖాళీది.

ఒక మధ్యాహ్నం బస్సు డ్రైవరు తలుపు కొట్టాడు. స్టూడియో గుమ్మం నిండిపోయే మనిషి. లైసెన్సుకి కొత్త ఫోటో కావాలట.

"తీసే మనిషి లేడు నాయనా."

"కడిగే మనిషివి ఉన్నావుగా అత్తా. కడగడం కన్నా నొక్కడం కష్టమా?"

ఆవిడకి నవ్వొచ్చింది. కోటు తొడిగింది, వెనక తలుపులు తెరిచినట్టు తెరుచుకుంది. మొదటిసారి నల్లగుడ్డ కిందకి దూరింది. లోపల ఆయన తలనూనె వాసన ఇంకా ఉంది. కెమెరా వెనకున్న అద్దం మీద డ్రైవరు తలకిందులుగా, గాల్లో కూర్చున్నట్టు కనబడ్డాడు. ఎవరి నిద్రలోకో పొరపాటున అడుగుపెట్టినట్టయింది ఆవిడకి. ఇన్నేళ్లూ ఆయన చూసిన లోకం ఇదన్నమాట, అందరూ తలకిందులుగా వేలాడే లోకం.

బయటికొచ్చి, ఉండబట్టలేక అడిగేసింది. "ఫోటో తీసేటప్పుడు మీ మావయ్య ఎలా ఉండేవాడురా? నేను కోటు తొడిగేసి చీకటి గదిలోకి వెళ్లిపోయేదాన్ని కదా."

"ఎలా ఉండేవాడేంటి? ఇదిగో, ఇలా." డ్రైవరు ఎడమ కనుబొమ్మ పైకెత్తాడు. "దొంగని పట్టుకున్నట్టు."

కోటత్త చెయ్యి దానంతట అదే రబ్బరు బుడ్డి నొక్కింది. ఆ కనుబొమ్మ ఆయనది. పోయిందనుకున్న కనుబొమ్మ, ఆ లావుపాటి మొహంలోకి వచ్చి కూర్చుంది.

లైసెన్సు ఫోటో మళ్లీ వేరేగా తీసి పంపింది, ఆ కనుబొమ్మతో పంపిస్తే లైసెన్సు రద్దు చేస్తారని. మర్నాటి నుంచి కిటికీ దగ్గర నిలబడి దారినపోయేవాళ్లని పిలవడం మొదలుపెట్టింది. "ఇలా ఒకసారి రా. ఆ కోటు తొడుక్కో. మీ మావయ్య ఎలా ఉండేవాడో చూపించు."

వీధి ఒప్పుకుంది. మంగలి వచ్చాడు. వెదురుపుల్లలాంటివాడు, క్లిప్పులన్నీ వాడాల్సి వచ్చింది. మెడ పక్కకి వాల్చి, "నా కత్తెర కన్నా వంకరగా చూసేవాడు అత్తా," అన్నాడు. రొట్టెల బట్టీవాడు వచ్చాడు, చేతుల పిండి కోటుకి అంటించి తిట్లు తిన్నాడు. ఆయనకి ఒక బుగ్గ మీదే నవ్వు వచ్చేదని చూపించాడు. ఆడపడుచు కూడా కూర్చుంది. "మా అన్నయ్యని నేను చూపించేదేంటి, ఆ ముక్కు నాకూ ఉందిగా," అని ముక్కు ఎగరేసింది.

చివర్లో ఆసుపత్రి నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చింది. ఆవిడ ఏమీ నటించలేదు. పెదాలు ముడిచి, కదలకుండా కూర్చుంది.

"ఇదేంటమ్మా, బిగుసుకుపోయావు? ఊపిరి వదులు."

"నేను కాదు పెద్దమ్మా, ఆయన. నొక్కే ముందు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. మా పనిలో ఊపిరే చూస్తాం కదా, అందుకే కనిపెట్టాను. అందరినీ వదిలెయ్యమని, తను పట్టుకునేవాడు. మా బొమ్మ చెదిరిపోతుందేమోనని భయం కాబోలు."

నర్సమ్మ మళ్లీ పెదాలు ముడిచాక కోటత్త బుడ్డి నొక్కింది. గోడకి అవతలే ఉండి, ఇన్నేళ్లూ ఇది తనకి తెలియలేదు.

నెగటివ్‌లన్నీ కడిగి దారానికి ఆరేసింది. ఒకే కుర్చీ, ఒకే కోటు, ఒకే వెలుతురు. మొహాలకి మాత్రం ఒకదానితో ఒకటి పోలిక లేదు. ఆ వరస చూస్తూ చూస్తూ ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ఒక ఫోటోకి కావలసిన వెలుతురు ఒకరికే ఎందుకివ్వాలి? అందరికీ తలా కాస్త పంచితే?

తలుపు మూసి ఎర్రదీపం వేసింది. బల్ల మీద ఒకే కాగితం పెట్టింది. పైనున్న యంత్రంలో డ్రైవరు నెగటివ్ పెట్టి, దాంట్లోంచి కాగితం మీదికి చిటికెడు వెలుతురు వదిలింది. కాగితం పాడవకుండా లెన్సుకి ఎర్ర గాజు అడ్డంపెట్టి, మంగలి నెగటివ్ మార్చి, కళ్ల మీద కళ్లు పడేలా జరిపి, గాజు తీసి, మళ్లీ చిటికెడు. కూరలో ఉప్పు వేసినట్టే, చేత్తో కాదు, మనసుతో కొలత. రొట్టెలవాడు, ఆడపడుచు, మిగిలినవాళ్లు. అందరి తర్వాత నర్సమ్మ.

కాగితాన్ని మందునీళ్లలోకి జార్చి పళ్లెం మెల్లగా ఊపింది.

ముందు కోటు తేలింది. నల్లగా, నిండుగా, గుండీతో సహా. అందరూ తొడుక్కున్నది అదొక్కటే కాబట్టి దానికి చెదరడమన్నది లేదు. ఆ పైన చాలాసేపు ఏమీ రాలేదు, పొగమంచులాంటి తెలుపు. తర్వాత ఆ మంచులో ఒక మెడ పక్కకి వాలింది. ఒక కనుబొమ్మ లేచింది. ఒక బుగ్గ మీద నవ్వు వచ్చి, రావాలా వద్దా అని ఆగింది. పళ్లెం ఊగుతుంటే నీళ్లలో ఆ మొహం కూడా ఊగింది, నిద్రలో పక్కకి తిరిగే మనిషిలా.

ఆరిన ఫోటో పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి అందరూ కాచుకుని ఉన్నారు.

"మా పెద్దన్నయ్య!" అన్నాడు డ్రైవరు. "చిన్నప్పుడే పోయాడు. ఉంటే ఇలాగే ఉండేవాడు."

"పో, ఇది నేనే. మెడ చూడు," అన్నాడు మంగలి.

నర్సమ్మ తనకి ఎప్పుడో చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పిన ఒక ముసలాయన పోలిక ఉందంది. ఆడపడుచు దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరికొచ్చింది. "మా నాన్న," అంది, ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదైంది. "వదినా, మా నాన్నకి కూడా ఫోటో లేదు."

ఊపిరి మావయ్య అని ఎవ్వరూ అనలేదు. కోటత్త ఆ మాట కోసమే చూసింది, అందరి నోళ్లవంకా చూసింది. రాలేదు.

ఫోటో తీసుకుని వెనక గదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చుంది. ఇది ఆయన కాదు. ముక్కు ఆయనది కాదు, దవడ అసలే కాదు. అయినా ఆ మొహం ఆవిడనే చూస్తోంది, ఇంతకుముందు ఎవరో చూసినట్టే. పెదాల దగ్గర చూపు ఆగింది. ఇంతమంది నవ్వుల కింద, చివరగా పడిన నర్సమ్మ వెలుతురులో, ఆ పెదాలు ముడుచుకుని ఉన్నాయి. ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

బొమ్మ చెదిరిపోతుందని, ఇంకా.

"చెదరలేదండీ," అంది కోటత్త ఆ ఫోటోతో, మెల్లగా. "బాగా వచ్చింది. ఇక వదిలేయండి."

గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు లోపలికొచ్చి, మేకుకి ఎప్పట్లాగే తగిలించిన గొడుగు తీసి చంకలో పెట్టుకుంది.

రాసినది: కోటత్త అని పిలవబడే మనిషి. వయసు అరవై తొమ్మిది. ఉంటున్నది స్టూడియో వెనక గదిలో, ఆ మేకుకి ఎదురుగా.