అభ్యంతరాల పెట్టె

ముప్పయ్యో కుర్చీకి ఒక కాలు వంకర. యేసేపు దాన్ని ఎప్పుడూ గోడవారనే వేస్తాడు, కూర్చున్నవాళ్లు పడకుండా. కూర్చునేదెవరు గనక! ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న ఆ చిన్న పట్టణానికి కొత్త ప్లాను గీశారు. నెల రోజుల్లో ఎవరైనా మునిసిపల్ ఆఫీసుకు వచ్చి చూసుకుని అభ్యంతరాలు చెప్పుకోవచ్చని బోర్డు పెట్టారు. రోజూ పొద్దున్నే అతను గోడకు పటం తగిలిస్తాడు, కుర్చీలు వేస్తాడు, అభ్యంతరాలు వేసే ఆకుపచ్చ రేకుపెట్టె తాళం లాగి చూస్తాడు. సాయంత్రం అన్నీ తీసేస్తాడు. మధ్యలో ఒకరిద్దరు వచ్చి పింఛను ఎక్కడిస్తారని అడిగి పోతారు.

ఈరోజు ఆఖరి రోజు. సభ ఉంది, ఫోటో ఉంది. జనం రాకపోతే జనాన్ని తెచ్చుకోవాలి కదా! ఊడ్చేవాళ్లను కూర్చోబెడతారు, ముందు వరుసలో తెల్లచొక్కాతో యేసేపు. ఇరవై ఏళ్లుగా అదే తంతు. మంచినీళ్ల సభలో కాలనీ పెద్ద, మురుగుకాల్వల సభలో వ్యాపారస్తుడు. అటెండరు ఉద్యోగంలో ఇన్ని వేషాలుంటాయని పాపం చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

"ఏమన్నా, పెండ్లికొడుకు మాదిరి వచ్చినావు! ఈపొద్దు రైతువా, షావుకారువా?" అని నవ్వింది హులిగెమ్మ, చీపురు మూలన పెడుతూ.

"ఈపొద్దు నేను నేనే," అన్నాడు.

పటం తగిలించిన మొదటి రోజే చూశాడతను. అరవై అడుగుల రోడ్డుకు గీసిన ఎర్రగీత క్రైస్తవుల సమాధుల దొడ్డి తూర్పుమూల మీదుగా పోతోంది. ఆ మూలనే కృప ఉంది. భార్య పోయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఇంట్లో పలకరించే గొంతు లేదు. ఆదివారం ప్రార్థన కాగానే ఆమె దగ్గర కూర్చుని వారం కబుర్లన్నీ చెప్పుకుంటాడు. పక్కన తనకోసం ఆరడుగుల జాగా చుట్టూ రాళ్లు పేర్చుకున్నాడు. అదీ పోతే ఇక అతనికి ఎవరున్నారు? ఐదో తరగతి చదువుతో నాలుగు రోజులు కష్టపడి కాగితం రాశాడు. "ఆ గీత నా భార్య మీద పడుతోంది. కొంచెం పక్కకు జరపండి. పక్క జాగా నాది."

పదకొండింటికి ఆఫీసరు వచ్చాడు. రోడ్ల గురించి చదివి, కెమెరా వైపు తిరిగి అడిగాడు. "ప్రజలకు అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

యేసేపు లేచి నిలబడ్డాడు. చేతిలోని కాగితం మడత విప్పబోయాడు. అంతలో కెమెరా మెరిసింది.

"టీ ఇప్పుడే వద్దు యేసేపూ, కూర్చో. ఫోటో కానీ," అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ అతనూ నవ్వి కూర్చున్నాడు. తర్వాత టీ కూడా తనే పోశాడు.

జనం కదిలాక క్లర్కు ప్రభావతి బల్ల ముందు నిలబడ్డాడు. "మేడమ్, నాదీ ఒకటుండాది."

"ఏముంటే అది పెట్టెలో వెయ్యప్పా. రేపు తెరుస్తాం కదా," అంది ఆమె, తలెత్తకుండానే.

నెల రోజుల్లో ఆ పెట్టెలో పడ్డ కాగితం అదొక్కటే. పెట్టె తాళంచెవిని ఎప్పటిలాగే చొక్కా జేబులో వేసి పిన్నీసు పెట్టుకున్నాడు. మనసు కొంచెం తేలికపడింది.

ఐదింటికి ఇరవై తొమ్మిది కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడవారన ఉన్న వంకర కుర్చీలో ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నాడు.

"అన్నా, లెయ్యి. కసువు నూకల్ల," అంది హులిగెమ్మ, ఊడ్చడానికి చీపురు పట్టుకొచ్చి. రెండోసారి పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుని కదిపి, చీపురు వదిలేసి నేల మీద కూలబడింది.

మర్నాడు మధ్యాహ్నం రాళ్ల నడుమ, కృప పక్కనే పూడ్చారు. ఆ తెల్లచొక్కాతోనే. అతనికున్న మంచిచొక్కా అదొక్కటే. మెడగుండీ హులిగెమ్మే పెట్టింది. జేబు ఎవరూ చూడలేదు.

ఆఫీసులో ప్రభావతి పెట్టె తాళంచెవి కోసం సొరుగులన్నీ వెతికింది. "తాళం పగలగొట్టిద్దామా సార్?"

"అందులో ఎప్పుడేముంది గనక! అభ్యంతరాలు లేవని రాసెయ్యండి," అన్నాడు ఆఫీసరు.

రాసింది. సభ ఫోటో జతచేసింది. అందులో అందరూ కూర్చుని ఉన్నారు, ముందు వరుసలో ఒక్కడు నిలబడి ఉన్నాడు. ఫైలు నాలుగు గంటల బస్సుకే పోయింది.

సాయంత్రం హులిగెమ్మ గది ఊడ్చి, బల్ల మీది ఆకుపచ్చ పెట్టెను బీరువా మీదికి ఎక్కించింది. ఎక్కిస్తుంటే లోపల ఒక కాగితం ఈ మూలనుంచి ఆ మూలకు జారింది.