నాన్న పని: గుమాస్తా

తోళ్ళ కార్ఖానా వాళ్ళ ఉచిత వైద్యశాలకి తాళం పడింది. మందుకొచ్చిన వాళ్ళు బయటే దగ్గుతూ నిలబడ్డారు. మేనేజరు ఒక కాగితం చూపించాడు. ఈ పేటవాళ్ళ బతుకుల్ని ఇరవై ఏళ్ళుగా రాసుకుంటున్న సర్వే అది. వీళ్ళలో ఎక్కువమంది గుమాస్తాల, మేస్త్రీల ఇళ్ళల్లో పెరిగారట. చిన్నప్పుడు తోళ్ళ మధ్య బతకలేదు కనక ఊపిరితిత్తులు బీడీలవల్లే చెడ్డాయట. వైద్యంతో కంపెనీకి సంబంధం లేదట.

జనం వెనకాల నిలబడ్డ ఆ పేట దర్జీ తలెత్తలేకపోయింది. ఆమె తమ్ముడు మెట్టుమీద కూర్చుని ఊపిరాడక ఎగపోస్తున్నాడు.

ఇరవై ఏళ్ళ కిందట మొదటిసారి సర్వే అమ్మాయి ఇంటికొచ్చి, "మీ పదేళ్ళప్పుడు నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది. బళ్ళో కంపు కొడుతోందని తనని బెంచీ చివరికి నెట్టేసిన రోజులు దర్జీకి గుర్తొచ్చాయి. గుమాస్తా అనేసింది. అప్పుడే మంచినీళ్ళు తెస్తున్న నాన్న ఆ మాట విన్నాడు. గ్లాసు గడపమీద పెట్టి, తోళ్ళు నానేసే సున్నం తినేసిన చేతులు కనపడకుండా లోపలికెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె అదే జవాబు చెప్పింది.

సాయంత్రం యూనియన్ షెడ్డులో అందరిదీ ఒకటే మాట, సర్వే వాళ్ళని కంపెనీ కొనేసిందని. లారీ డ్రైవరు అందరికన్నా గట్టిగా తిట్టాడు. దర్జీ లేచింది.

"ఎవర్నీ కొనలేదన్నా. నేనే అబద్ధం చెప్పాను. మా నాన్న తోళ్ళు గీకేవాడు."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"అందరి నాన్నలూ గుమాస్తాలే అయితే, ఆ తోళ్ళు గీకిందెవరే? దొరగారా?" అంది మూలనున్న ముసలమ్మ. ఎవరికీ నవ్వు రాలేదు. తామూ అబద్ధమే చెప్పామని ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. డ్రైవరు మాత్రం తన పిల్లలకి తోళ్ళవాళ్ళన్న పేరు అంటగట్టనని గొణుగుతూ కూర్చున్నాడు.

మర్నాడు నూటయాభై మంది సర్వే ఆఫీసుకి వెళ్ళారు. జవాబులు మార్చడం కుదరదన్నాడు అధికారి. మార్చేదాకా కదలమని మెట్లమీద బైఠాయించారు. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఎక్కించేముందు పేర్లు రాసుకుంటున్నాడు.

దర్జీ తన పేరు చెప్పి, నాన్న పేరు చెప్పింది. "తోళ్ళు గీకేవాడు. అదీ రాయండి."

"అది నేనడగలేదు."

"అడక్కపోయినా రాయండి."

ఆమె చెవులు మండుతున్నాయి. వీధంతా చూస్తోంది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ రాశాడు.

ఆమె వెనక డ్రైవరు. నోరు తెరిచి మూశాడు. "చెప్పన్నా," అన్నాడు దర్జీ తమ్ముడు దగ్గు మధ్యలో.

"తోళ్ళు మోసేవాడు," అన్నాడు డ్రైవరు నేల చూస్తూ.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. వరస మెట్లు దిగి వీధి మలుపు దాకా ఉంది. ఎవరూ అడక్కుండానే వెనకనుంచి తమ నాన్నల పనులు చెప్పడం మొదలుపెట్టారు.