దాహం మాట తర్వాత

"రాజ్మా అడుగంటుతోంది. మనసెక్కడ పెట్టావే?" అంది మా అత్తగారు దోన్యా కాసిల్డా, వంటింట్లోకి తొంగి కూడా చూడకుండా.

అడుగంటలేదు. కుడిచేత్తో గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఎడమచేతి వేళ్లు మాత్రం పొయ్యి పక్క గట్టు మీద వేరే పనిలో ఉన్నాయి. ఆ పనేమిటో ఈ ఇంట్లో నాకు కాక ఒక్క మా ఆయనకే తెలుసు.

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం అంటే మా లా వేగా ఊళ్లో ఆడవాళ్లకి తీపి రాజ్మా వారం. ఉడకబెట్టి, రుబ్బి, వడకట్టి, కొబ్బరిపాలూ చిలగడదుంప ముక్కలూ ఎండుద్రాక్షా వేసి, చెయ్యి పడిపోయేదాకా తిప్పాలి. ఇరుగుపొరుగుకి గిన్నెలు పంపాలి. వాళ్ల గిన్నెలు వచ్చాక ఎవరిది చిక్కగా ఉందో అత్తగారు తేలుస్తారు. ఇంతవరకూ నాది ఎప్పుడూ గెలవలేదు. ఇంత చాకిరీ గురువారంతో ఎందుకు ముగియాలంటే, శుక్రవారం ప్రభువు చనిపోయిన రోజు, ఎవరూ పని ముట్టుకోకూడదు. చీపురు పట్టకూడదు, సుత్తి కొట్టకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వండి వడ్డించి గిన్నెలు తోమడం మాత్రం పని కిందికి రాదట. ఏ ఫాదర్ చెప్పాడో నాకు తెలీదు.

ఆ గురు, శుక్రవారాలు రెండు రోజులూ మా ఊరి రేడియో కూడా నల్లబట్టలు కట్టుకుంటుంది. డాన్సు పాటలుండవు, బేస్‌బాల్ కబుర్లుండవు, సబ్బుల ప్రకటనలుండవు. పొద్దస్తమానం వయొలిన్లు, పియానోలు, లాటిన్ ప్రార్థనలు. మా వాళ్లు వాటికి చావు పాటలని పేరు పెట్టారు. మామూలు రోజున రేడియోలో వయొలిన్ వినిపించిందా, వీధిలో అందరూ "ఎవరు పోయారు?" అని అడిగేస్తారు. నాకు మాత్రం ఏడాది మొత్తం మీద ఇంట్లో సంగీతం ఉండేది ఆ రెండు రోజులే. చిన్నప్పుడు నన్‌ల బడిలో, కాళ్లతో తొక్కే హార్మోనియం మీద నేను నేర్చుకున్నది ఆ చావు పాటలే మరి. పెళ్లయిన కొత్తలో ఆ ఊసెత్తితే మా ఆయన లిసాంద్రో నవ్వి, "మంచిదేలే. ఇప్పుడు నీకు ఇల్లుంది కదా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండుంటే ఎదురు చెప్పేదాన్నేమో.

మొన్న ఫాదర్ సలుస్తియానో మా చెప్పుల దుకాణానికి వచ్చారు. శుక్రవారం గుడిలో ఆర్గాన్ మోగకూడదు, కానీ రేడియో స్టూడియోలో ఆయన, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ప్రసంగిస్తారు, ఒక్కో మాట తర్వాత కాసేపు సంగీతం ఉంటుంది. ఏటా వాయించే ముసలాయన ఎవరిస్టో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. "నన్‌ల బడిలో నేర్చుకుందటగా, మీ ఎర్సిలియాని పంపు నాయనా," అని బేరాలాడే జనానికి దూరంగా పిలిచి ఫాదర్ అడిగితే మా ఆయన కాదనలేకపోయాడు. ఇంటికొచ్చాక తలుపు దగ్గరగా వేశాడు.

"పేరు చెప్పొద్దని రేడియో వాళ్లతో అన్నాను. నువ్వూ ఎక్కడా అనకు."

"ఎందుకండీ?"

"దుకాణం నడవక పెళ్లాన్ని పనికి పంపుతున్నాడంటారు. గుడిలో పూలు సర్దడానికి వెళ్తున్నావని అమ్మతో చెప్తాలే."

సరే అన్నాను. వాయించనిస్తే చాలు, పేరెందుకు అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న అబద్ధం. పేరు కావాలి. కానీ పేరు అడిగితే అసలుకే ఎసరొస్తుందని భయపడ్డాను.

శుక్రవారం తెల్లారకముందే లేచి ఉప్పుచేప కడిగి, వండి, కర్రపెండలం ఉడికించి, అన్నీ మూతలు పెట్టి బయల్దేరాను. స్టూడియో గోడలకి దుప్పట్లు కొట్టారు, లోపల గాలాడదు. హార్మోనియం మెట్లు నా వేళ్ల కింద చల్లగా తగిలాయి. ఆ వేళ్లకి చేప వాసన ఇంకా పోలేదు. రెండో మాట తర్వాత ఒక తప్పు పడింది. ఐదో మాట దగ్గర ఫాదర్ గొంతు తగ్గించి, "దాహంగా ఉంది, అన్నాడు ప్రభువు," అని ఆగారు. నేను వాయించాలనుకున్నది వేరు, చేతులు ఎత్తుకున్నది వేరు. చిన్నప్పుడు ఒక ముసలి నన్ నేర్పిన నెమ్మదైన రాగం. ఇన్నేళ్లూ గట్టు మీద, మంచం పట్టె మీద, పసిపిల్లల వీపుల మీద చప్పుడు లేకుండా వాయించుకున్నది ఇప్పుడు చప్పుడుతో బయటికి వచ్చింది. మా ఇంట్లో వింటున్నారు, మా ఆయన వింటున్నాడు అనుకుంటే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అంతా అయ్యాక, "సంగీతం, మా స్టూడియో వాద్యకారుడు," అని చదివాడు అనౌన్సర్, నావైపు చూడకుండా.

ఫాదర్ నన్ను తలుపు దాకా సాగనంపారు. "ఎవరిస్టో చెయ్యి ఇక మునుపటిలా రాదమ్మా. ప్రతి ఆదివారం సాయంత్రం రేడియోలో వచ్చే జపమాల ప్రార్థన గంటకి వాయించడానికి నువ్వు వస్తావా? మీ ఆయన్ని అడిగి చెప్పు."

"అడుగుతాను ఫాదర్," అన్నాను.

ఇంటికెళ్లేసరికి అందరూ బల్ల చుట్టూ ఖాళీ పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మూతలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అత్తగారి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"పూలు సర్దడానికి ఇంతసేపా? రేడియో వినకుండా ఊరేగావు, నీ ఖర్మ. ఆ దాహం మాట తర్వాత వాయించాడు చూడూ, మీ మామగారు పోయిన రోజు కూడా నేనింత ఏడవలేదే!"

"ఎవరిస్టో మాత్రం కాదు," అన్నాడు మరిది ఫెర్మిన్. "ఆయన సగంలో కునుకు తీస్తాడు. అన్నయ్యా, రేడియో వాళ్లు నీకు తెలుసుగా, ఎవరతను?"

నేను గరిటె పట్టుకుని మా ఆయన వైపు చూశాను. ఊరంతా చాటక్కర్లేదు. తల్లి చెవిలో ఊదినా చాలు. అదీ వద్దు, తలెత్తి నన్ను చూసి ఒక్క నవ్వు నవ్వినా చాలు, మిగతా ఏళ్లన్నీ మాట్లాడకుండా వండిపెట్టేదాన్ని. అంత చవగ్గా దొరికిపోయేదాన్ని ఆ క్షణంలో.

ఆయన కర్రపెండలం ముక్క విరిచాడు. "రాజధాని నుంచి వచ్చాట్ట ఎవరో. సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాడు. చేపలో ఉప్పు ఎక్కువైంది, ఎర్సిలియా."

నా ఇంట్లో, నా కళ్ల ముందే, నన్ను బస్సెక్కించేశాడు.

నాకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూస్తున్నది ఈ మనిషి దగ్గర లేదు, ఎన్నడూ లేదు. అడిగి చెప్పమన్నారు ఫాదర్. ఎవర్నడగాలి?

"వెళ్లిపోవడం లేదటండీ," అన్నాను. "గుడి దగ్గర ఫాదర్ చెప్పారు. ఇక మీదట ప్రతి ఆదివారం సాయంత్రం జపమాల గంటకి ఇక్కడే వాయిస్తారట."

లిసాంద్రో తలెత్తాడు. అప్పుడు చూశాడు నన్ను.

"ప్రభువు దయ!" అత్తగారు నుదుటికీ గుండెకీ సిలువ గుర్తు వేసుకుంది. "ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి కళ్లారా చూడాలే. ఆ చెయ్యి ముద్దుపెట్టుకోవాలి."

ఆవిడ పళ్లెంలో చేప ముక్క వడ్డించాను.

"ఎల్లుండి నాతో రండత్తయ్యా, చూపిస్తాను."