బావ కట్టిన నిటారు ఆర్చి

మా చెల్లి పూల డిజైనర్ అయిందంటే దానికి మూలం నేను బట్టలారేసుకునే స్టాండు. ఆ సంగతి దాని విజిటింగ్ కార్డు మీద ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తన పెళ్లికి అలంకరణంతా తానే చేసుకుంటానని అది పట్టుబట్టింది. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ పనిలో పడ్డాం. అమ్మ ఖాళీ జామ్ సీసాలు కడిగింది. నేను వాటికి రిబ్బన్లు చుట్టాను. పెళ్లి జంట వెనక నిలబెట్టే పూల ఆర్చి మాత్రం మా ఆయన చేతిలో పడింది. ఆయన లెక్కల మాస్టారు. స్క్రూడ్రైవర్ కనబడితే చాలు, పూనకం వచ్చేస్తుంది. నన్నొక్క మాటైనా అడగకుండా నా స్టాండు విప్పి, తలకిందులుగా బిగించి, తల కాస్త ఎడమకు వాల్చి చూసుకుని, మురిసిపోయారు. ఆర్చి కూడా అచ్చం ఎడమకే ఒరిగి, పెళ్లికొడుకు చెవిలో రహస్యం చెబుతున్నట్టు నిలబడింది.

"వంకరగా ఉందండీ," అన్నాను.

"ఆర్చి నిటారుగానే ఉంది. నేలే వాలుగా ఉంది."

ఆ మాట మీద ఆయన ఈనాటికీ ఉన్నారు.

ఫోటోలు ఫోనుల్లో ఊరంతా తిరిగాయి. ఆ వంకరను ఒకరు 'సహజత్వం' అన్నారు, ఇంకొకరు 'సాహసం' అన్నారు. నీళ్లు చాలక వేలాడిపోయిన గులాబీల్లో కూడా ఎవరికో విషాద సౌందర్యం కనబడింది. 'మాకూ చేసిపెడతారా' అని అడిగేవాళ్లు మొదలయ్యేసరికి చెల్లి కాళ్లు నేల మీద నిలవలేదు. బీమా ఆఫీసులో ఉద్యోగానికి సెలవు పెట్టేసింది.

అయితే దానికి సిగ్గనేది ఒకటి ఉంది. వచ్చిన పొగడ్తలకు తగ్గ పని నేర్చుకోవాలనుకుంది. కోర్సులో చేరి కాడ ఎలా కోయాలో, తీగ ఎలా చుట్టాలో, పూలు సాయంత్రం దాకా ఎలా నిలుస్తాయో వేళ్లు చీరుకుపోయేలా నేర్చుకుంది. చిన్న కొట్టు అద్దెకు తీసుకుంది. అడిగినవాళ్లందరూ వచ్చారు, కానీ 'నీకిది సరదాయే కదా' అంటూ ఊరికే చేయించుకుపోయారు. ఈలోగా బీమా ఆఫీసు మేనేజరు, నెలాఖరులోగా రాకపోతే సీటు వేరేవాళ్లకిస్తానని కబురు పెట్టాడు. అప్పుడు దొరికింది మొదటి అసలు సిసలు కస్టమరు, ఒక పళ్ల డాక్టరు. పెళ్లి ఆవిడదే. నచ్చితే స్నేహితురాళ్ల పెళ్లిళ్లూ మీకే అంది. నచ్చకపోతే కొట్టుకు తాళమేనని మాకు తెలుసు.

పెళ్లి రోజు పొద్దున్నే హాల్లో చెల్లి ఆర్చి నిలబెట్టింది. గీత గీసినట్టుంది. నేను గర్వంగా దాని చుట్టూ తిరిగి చూశాను.

డాక్టరమ్మ వచ్చి చూసింది. ముఖం మాడిపోయింది.

"ఇదేంటండీ, ఇలా నిటారుగా ఉంది?"

"అవును మేడమ్!" అంది చెల్లి, మెచ్చుకుంటోందనుకుని.

"మీ పెళ్లి ఫోటోలో ఉన్నటువంటిది కావాలన్నాను కదా. ఆ ఒంపేది? ఇలాంటిది ఎవరైనా చేస్తారు."

రోజంతా జనం పళ్లు వరసలో పెట్టే మనిషి ఇలా వంకర కోసం అలమటించడం నేనెక్కడా చూడలేదు. చెల్లి స్క్రూలు వదులు చేసి ఒకవైపుకు వంచింది. లారీ గుద్దిన స్తంభంలా ఉంది. మళ్లీ వంచింది.

"కావాలని వంచినట్టు తెలిసిపోతోందండీ," అని పెదవి విరిచి, డాక్టరమ్మ ముస్తాబుకు వెళ్లిపోయింది.

చెల్లి ఆర్చిని మళ్లీ నిటారుగా పెట్టేసి, పూల బకెట్ల మధ్య కూలబడింది.

"అక్కా, నేను నేర్చుకున్న పని ఎవరికీ అక్కర్లేదే. వెళ్లి ఆ సీట్లోనే కూర్చుంటాను."

వెంటనే మా ఆయనకు ఫోను చేశాను.

"ఏమండీ, చెల్లి ఆర్చి వంకరగా వచ్చింది. మీరొచ్చి నిటారుగా పెట్టాలి."

ఫోను పెట్టేశానో లేదో, పనిముట్ల పెట్టెతో ఊడిపడ్డారు. తల ఎడమకు వాల్చి, ఒక కన్ను మూసి చూశారు.

"అయ్యో, కుడివైపుకు ఎంత ఒరిగిపోయిందో! నువ్వు లేమ్మా, నేను చూసుకుంటాను."

"నిటారుగా రావాలి బావా," అంది చెల్లి, కళ్లు తుడుచుకుంటూ. "ఏమాత్రం తేడా రాకూడదు."

ఆయన చెమటలు కక్కుతూ, ఒక్క పువ్వూ నలగకుండా, ప్రాణం పెట్టి నిటారుగా కట్టారు. ఆర్చి ఎడమకు ఒరిగింది. అదే ఒంపు, అదే రహస్యం.

డాక్టరమ్మ వచ్చి గుండె మీద చెయ్యేసుకుంది. "ఇదీ! ఇదే నేనడిగింది!"

"నిటారు అంటే ఇదండీ మేడమ్," అన్నారు మా ఆయన. జోకనుకుని ఆవిడ విరగబడి నవ్వింది.

సాయంత్రానికి కూడా ఒక్క రేకు వాడలేదు. అది చెల్లి పనితనం. ఎవరూ గమనించలేదు, అందరూ వంకరకే ఫోటోలు తీసుకున్నారు. స్నేహితురాళ్లు మాత్రం కార్డులు అడిగి మరీ పట్టుకెళ్లారు. చెల్లి అక్కడే నిలబడి మేనేజరుకు ఫోన్ చేసి, సీటు ఎవరికైనా ఇచ్చేసుకోమంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, బావకు మాత్రం ఎప్పటికీ చెప్పకే. తెలిస్తే సరిగ్గా కట్టేస్తాడు."

ఇంటికి వెళ్తుంటే ఆయన ఛాతీ విరుచుకుని అడిగారు.

"ఇప్పటికైనా ఒప్పుకుంటావా? ఆరోజు వంకర నా ఆర్చిలో లేదని?"

ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషితో ఒక్క వాదనలోనూ నేను తగ్గింది లేదు. నా స్టాండు గుర్తొచ్చింది. చెల్లి గుర్తొచ్చింది.

"నేలే వాలుగా ఉందండీ," అన్నాను.