వాగు ఒడ్డున ముసలమ్మ

ఒక చేత్తో ఉప్మాలో రవ్వ పోస్తూ ఇంకో చేత్తో ఫోన్ తీశాను. తీయకుండా ఉండాల్సింది. ‘మేడం, బతికే ఉన్నారా? పదకొండు నెలల నుంచి ముసలమ్మ వాగు ఒడ్డునే నిలబడి ఉంది. పాపం ఆమెకు కాళ్ళు నొప్పి పుట్టవా?’ అని ఉంది. రాసినవాడి పేరు జాషువా, ఊరు గిద్దలూరు. కింద ఇరవై ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఈలోపు రవ్వ ఉండకట్టింది.

“ఏంది తనూ, అంతా ఉండలే,” అన్నాడు మా ఆయన లక్ష్మణ్, పళ్ళెం పక్కకు జరుపుతూ. నా చేతిలో ఫోన్ చూసి, “నీ ఆట కొన్నోళ్ళా? ఏమంటాండారు?” అని అడిగాడు.

“రెండో భాగం ఎప్పుడొస్తాదని.”

“అడగరా మరి? దుడ్లు కట్టించుకుని సరుకు ఇయ్యకపోతే మన దుకాణంలో అయితే ఊరుకుంటారా?”

ఊరుకోరు. అది నాకు ఆయన చెప్పాలా? వాళ్ళ తప్పు లేదని తెలుసు గనకే ఆ కామెంట్లు చదివినప్పుడల్లా నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ముసలమ్మ నేనొక్కదాన్నే కూర్చుని తయారు చేస్తున్న, కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఆడే ఆటలో మనిషి. నల్లమల దాటి కూతురి ఊరికి పోవాలి. ఆడేవాళ్ళు ఆమెను నడిపించాలి, దారి మూసుకుపోయినచోట వేలితో చెరిపి కొత్త దారి గీయాలి. నా చిన్నప్పుడు యర్రగొండపాలెంలో మా నాయన దుకాణానికి తేనె, కుంకుడుకాయలు తెచ్చే ఒకామె ఉండేది. కొంగు బిగించడం, మెట్టు ఎక్కేముందు మోకాలి మీద చెయ్యి వేయడం, అంతా ఆమెదే. బొమ్మలన్నీ పలకల మీద బలపంతో గీసినవి, ఒక్కో అడుగుకు ఒక్కో పలక. కంప్యూటర్లోనే గీస్తే పని తగ్గుతుంది కదా అని లక్ష్మణ్ పెళ్ళయిన కొత్తలోనే అన్నాడు. తగ్గుతుంది. కానీ బలపం గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వణుక్కుంటూ పోతుంది. ఆ వణుకు వల్లే ముసలమ్మకు వయసొచ్చింది. దాన్ని చూసే రెండువేల మంది పూర్తికాని ఆటను నన్ను నమ్మి కొన్నారు. మొదటి భాగం వాగు ఒడ్డున ఆగింది. ఆరు నెలల్లో దాటిస్తానని రాశాను. ఆరు నెలలకు ‘క్షమించండి, సాంకేతిక కారణాలు’ అని రాశాను. తొమ్మిదో నెలలోనూ అదే రాశాను.

ఆ కారణాలు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారనుకున్నాను. వాగు దాటడానికి నూట పన్నెండు పలకలు గీసి పెట్టుకున్నాను. మామయ్య సీతారామాంజనేయులు గారిది మూడు తరాల పలకల వ్యాపారం. ఇప్పుడు అది తగ్గి కిరాణా మిగిలింది గానీ పైగదిలో పాత పలకలకు కొదవలేదు. గీసినవన్నీ ఆ గది గోడల వెంట వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇక ఫోటోలు తీయడమే. అన్నీ ఒక్కరోజు, ఒకే వెలుగులో తీయాలి. పది పలకలు పొద్దున, పది సాయంత్రం తీస్తే నడిచేటప్పుడు బొమ్మ మినుకుమినుకుమంటుంది. రెండుసార్లు అలాగే చెడగొట్టుకున్నాను. ఎవరూ పిలవకుండా పగటిపూట ఐదు గంటలు కావాలి నాకు. నెల రోజులుగా ఆ ఐదు గంటలు దొరకలేదు. కెమెరా బిగించగానే గ్యాస్ బండ వస్తుంది. మామయ్యకు కాఫీ, అత్తమ్మకు బీపీ మాత్ర, దుకాణం నుంచి లక్ష్మణ్ ఫోన్: “తనూ, బీరువాలో నీలం ఫైలు తీసి పంపియ్యి, ఖాళీగానే ఉండావు కదా.” మెట్లు దిగి ఎక్కేసరికి ఎండ గోడ మారిపోతుంది. చీకటి పడ్డాక అందరూ అడుగుతారు, ఈరోజన్నా అయిందా అని. ఆ అడగడంలో నిజమైన ఆశ్చర్యం కూడా ఉంటుంది.

వినాయకచవితి మరునాడు మామయ్య కూర్చోబెట్టి చెప్పారు. “దీపావళి దాకా చూద్దామమ్మా. అప్పటికీ కాకపోతే ఆ ఆట పక్కన పెట్టి దుకాణంలో రెండో కౌంటర్ చూసుకో. చదువుకున్నదానివి, ఆ చదువు ఊరికే పోవడమెందుకు.” ఆయన కోపంగా అనలేదు. నేను సరేనన్నాను. పలకలన్నీ సిద్ధంగా ఉన్నాయన్న ధైర్యం నాది. దసరా మరునాడు ఇంటిల్లిపాదీ త్రిపురాంతకం గుడికి పోతారు, కడుపునొప్పి అని నేను ఉండిపోవాలని ముందే అనుకున్నాను. నా ఇంట్లో నా పని చేసుకోవడానికి నాకు కడుపునొప్పి రావాలి. అప్పటికి అది నాకు వింతగా కూడా అనిపించలేదు.

ఉండలు కట్టిన ఉప్మా రోజు దుర్గాష్టమి. తెల్లారితే ఆయుధపూజ. మధ్యాహ్నమంతా నేను పొయ్యి దగ్గరే, అరిసెలు, గారెలు. నాలుగింటికి నూనె చేతులతోనే ఒకసారి పలకలు చూసుకుందామని పైకి వెళ్ళాను. గోడలు ఖాళీగా ఉన్నాయి. గది మధ్యలో పలకలన్నీ దొంతులుగా పేర్చి ఉన్నాయి, తడిగా, నల్లగా. ఒక్కోదానికి పసుపు రాసి మధ్యలో కుంకుమబొట్టు. నూట పన్నెండింటికీ.

మా అత్తమ్మ ఉమామహేశ్వరి గారు నడుం పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. “ఎంత మురికిగా ఉండాయో తల్లీ. పనామె రాలేదు, నేనే కూర్చుని కడిగినా. నేను కాపురానికి వచ్చినకాడి నుంచి నవమికి ఒక్క పలక కూడా గీతతో అమ్మవారి ముందుకు పోలేదు,” అన్నారు. ముఖంలో అలసట, దాని మీద తృప్తి. ఆమెను ఏమనను? పలకల వ్యాపారం ఇంటికి పలకే ఆయుధం. కడిగి బొట్టు పెట్టడం ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళుగా అలవాటైన పని. ఆ గీతలు ఏమిటో నేను ఏనాడూ ఆమెకు చూపించలేదు. వాటిని ముట్టుకోవద్దని చెప్పమని లక్ష్మణ్‌తో చెప్పాను. ఆయన మరిచిపోయాడు.

“గీసినవే కదా, మళ్ళా గీయి,” అన్నాడు రాత్రి భోజనాల దగ్గర. “పలకంటేనే చెరిపేదానికమ్మా,” అన్నారు మామయ్య, ఓదార్పుగానే. నేను గారెలు వడ్డించాను.

మరునాడు పూజ అయ్యాక అందరూ కునుకు తీస్తుంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ‘క్షమించండి, సాంకేతిక’ దాకా రాసి ఆగాను. ఏ సాంకేతికం? నేను ఎవరి పరువు కాపాడుతున్నాను? ఇంట్లోవాళ్ళకు నా పని దాచాను, ఆడేవాళ్ళకు నా ఇల్లు దాచాను. రెండువైపులా బద్ధకస్తురాలినన్న పేరు మోశాను. కొన్నవాళ్ళకు నేను బాకీ పడింది ఒక ఆట, దాంతోపాటు ఒక నిజం. తిట్లు పడతానని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు. అలాగే నేను రాసిన తేదీని వాళ్ళు నమ్మినందుకు వాళ్ళను తప్పు పట్టే హక్కు నాకూ లేదు. ఆ లెక్కన చూస్తే వాళ్ళు నాతో ఇంట్లోవాళ్ళకంటే న్యాయంగానే ఉన్నారు. వాళ్ళు కనీసం నేను చేసేది ఏదో ఒకటి ఉందని ఒప్పుకుని, అది కావాలని అడుగుతున్నారు.

రాసింది చెరిపేసి మళ్ళీ రాశాను. ‘రెండో భాగం ఇప్పట్లో రాదు. నూట పన్నెండు పలకలు గీశాను. పగటిపూట ఐదు గంటలు దొరక్క ఫోటోలు తీయలేదు. నిన్న ఆయుధపూజకు మా ఇంట్లో వాటిని కడిగి బొట్టు పెట్టారు. ఇంతకుముందు సాంకేతిక కారణాలు అని రాసింది అబద్ధం. మళ్ళీ గీస్తాను. తేదీ ఇవ్వను, ప్రతి శుక్రవారం ఎన్ని పలకలు అయ్యాయో చెబుతాను. ఆగలేనివాళ్ళు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తాను, అందులో తప్పేం లేదు.’ బొట్లు పెట్టిన పలకల ఫోటో జతచేసి పంపేశాను. పంపాక వంటింట్లోకి పోయి అక్కర్లేకపోయినా గిన్నెలు తోమాను.

సాయంత్రం చూస్తే ఎనభై చిల్లర కామెంట్లు ఉన్నాయి. ఒకతను డబ్బు వెనక్కి కావాలన్నాడు, ఇచ్చేశాను. ఇంకొకతను ఆడవాళ్ళకు ఇలాంటివి ఎందుకన్నాడు, వాడికి మిగతావాళ్ళే చాలినంత చెప్పారు. జాషువా రాశాడు: ‘మేడం, తప్పయింది. మా అమ్మ మిషన్ కుడతాది. పండగ ముందు వచ్చి తలుపు కాడ నిలబడి తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేనూ అదే పని చేసినా. మీరు నిదానంగా గీయండి.’ అది చదివి ఏడ్చాను. కానీ నన్ను కుదిపింది అది కాదు. అర్ధవీడు నుంచి శివకుమారి అనే అమ్మాయి రాసింది. ‘అక్కా, రోజుకు ఐదు గంటలు ఎవరినడిగినా ఇస్తారు కదా. అడిగినారా?’

అడగలేదు. దొరుకుతాయేమోనని ఎదురుచూశాను. బస్సులో ఎవరైనా లేస్తే కూర్చుందామన్నట్టు పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళూ నిలబడ్డాను. అడగాల్సిన అవసరం లేకుండానే అర్థం చేసుకుంటారని, చేసుకోకపోతే అలగాలని ఎవరు నేర్పారో నాకు.

త్రిపురాంతకం ప్రయాణానికి అందరూ తయారవుతున్న పొద్దున హాల్లోకి వచ్చి నిలబడ్డాను. కడుపునొప్పి అనలేదు.

“మామయ్యా, దీపావళికి నా పని కాదు. దుకాణానికి కూడా రాను,” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. “మాటనుకున్నాం కదమ్మా.”

“అనుకున్నాం. ఆ రోజు మీరు గడువు పెట్టినారు గానీ నాకు టైము ఎవరూ ఇయ్యలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాండా. ఈరోజు నుంచి పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా పైగది తలుపు వేసి ఉంటాది. దుకాణం తెరిచే టైముకు నేనూ తెరుస్తా. మధ్యలో ఎవరు పిలిచినా రాను.”

“మరి అన్నం?” అన్నాడు లక్ష్మణ్. నిజంగానే తెలియక అడిగాడు.

“పొద్దున నేను కూర చేస్తా. అన్నం కుక్కర్లో మీరు పెట్టండి. మూడు విజిల్స్.”

“గ్యాసోడు వస్తే ఎవరు తీస్తారు?” అన్నారు అత్తమ్మ.

“గ్యాసోడికి మీ కొడుకు ఫోన్ నంబర్ ఇచ్చినా అత్తమ్మా. దుకాణం నుంచి రెండు నిమిషాలే.”

లక్ష్మణ్ ఏదో అనబోయాడు. నేను అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచి అత్తమ్మ ముందు పెట్టాను. “మీరు కడిగింది ఈమెనే,” అని మొదటి భాగం నడిపించాను. బలపం గీతల ముసలమ్మ మెట్టు ముందు ఆగి, మోకాలి మీద చెయ్యి వేసి ఎక్కింది. అత్తమ్మ చాలాసేపు చూశారు. “అచ్చం మోకాళ్ళ నొప్పి ఉన్నామె ఎక్కినట్టే ఎక్కుతాంది,” అన్నారు. తర్వాత, “ఎవరన్నా చెప్పి చావొచ్చు కదా నాకు,” అని కొడుకు వైపు చూశారు. ఆ రోజు త్రిపురాంతకం కారు నేను లేకుండానే కదిలింది.

అంతటితో ఇల్లు మారిపోయిందని చెప్పను. మొదటి వారంలో నాలుగుసార్లు తలుపు కొట్టారు, నాలుగుసార్లూ తీయలేదు. రెండుసార్లు అన్నం మాడింది, మాడిన అన్నం ఎవరినీ చంపలేదు. ఒకరోజు మామయ్య వాకిట్లో ఎవరికో, “మా కోడలు పనిలో ఉండాది, రెండు తర్వాత రమ్మనండి,” అని చెప్పడం కిటికీలోంచి వినిపించింది. బలపం కింద పెట్టి ఆ మాట పూర్తిగా విన్నాను. ప్రతి శుక్రవారం పలకల సంఖ్య పెట్టాను. పద్దెనిమిది. ముప్పై ఏడు. ఒక వారం జ్వరమొచ్చి నాలుగే, అదీ పెట్టాను. ‘నాలుగైనా నాలుగే మేడం’ అని జాషువా రాశాడు. ఈసారి గీసినవి నూట నలభై అయ్యాయి. ముసలమ్మ వాగు మధ్యలో ఒకసారి ఆగి చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడాలని నాకు అనిపించింది. అందుకు ఇరవై ఎనిమిది పలకలు ఎక్కువ పట్టాయి. అన్నిటికీ ఒక్కరోజే, తలుపు వేసుకున్న ఆ ఐదు గంటల్లో ఫోటోలు తీశాను.

దీపావళి వెళ్ళిపోయింది, కార్తీకం వెళ్ళిపోయింది. మార్గశిరంలో ఒక సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు రెండో భాగం విడుదల చేశాను. సాయంత్రానికి పన్నెండు వందల మంది వాగు దాటారు. వాళ్ళమ్మ మిషన్ పక్కన కూర్చుని వేలితో దారి గీస్తున్న వీడియో జాషువా పంపాడు. డబ్బు వెనక్కి తీసుకున్నతను మళ్ళీ కొన్నాడు, ఏమీ రాయలేదు. గర్వంగా ఉంది నాకు. ఆ మాట అనడానికి సిగ్గుపడను.

మరునాడు తొమ్మిదింటికి తలుపు వేసుకుని మూడో భాగానికి మొదటి పలక తీశాను. పదకొండున్నరకు మెల్లగా తట్టిన చప్పుడు.

“రెండు కాలేదు అత్తమ్మా,” అన్నాను లేవకుండానే.

“పని చెప్పేదానికి కాదులే,” అన్నారు బయటి నుంచి. “నిన్న రాత్రి లక్ష్మణ్ ఫోన్లో ఆమెను దాటించినా. ఒడ్డెక్కినాక రెండు దోవలుండాయి కదా. ఆమె ఎటు పోతాదో చెప్పు, పోతా.”

“ఇంకా గీయలేదు. అందరితో పాటు మీరూ ఆగాల.”

“శుక్రవారమే కదా నువ్వు చెప్పేది,” అన్నారు అత్తమ్మ. “సరే, ఆగుతాలే.”